చేటెడు తవుడు

తవుడుగాడి నిక్కర్లు దండెం మీద లేవు. బీరువాలో లేవు. మంచం కింద పెట్టెలోనూ లేవు. స్నానం చేయించి తువ్వాలు చుట్టిన పిల్లాణ్ణి వెంటేసుకుని ఇల్లంతా వెతికిన సూర్యకళకి అవి చివరికి తోటికోడలు వెంకటదుర్గ గదిలో, సగం సర్దిన సూట్‌కేసులో కనిపించాయి. నిక్కర్లొక్కటే కాదు, దసరాకి కుట్టించిన చొక్కా, వాడు పాలు తాగే స్టీలు గ్లాసు, తలకింద పెట్టుకునే చిన్న దిండు, అన్నీ అక్కడే ఉన్నాయి.

చీరలు మడతపెడుతున్న వెంకటదుర్గ తలెత్తి చూసింది. మళ్ళీ దించుకుంది.

"వీడి బట్టలు ఇక్కడున్నాయేంటక్కా?"

"అత్తయ్యగారు నీతో చెప్పలేదా?"

ఆ ఒక్క ప్రశ్నతో సూర్యకళకి అంతా అర్థమైపోయింది. మన ఇళ్ళల్లో నిర్ణయాలు వీధరుగు మీద పుడతాయి, హాల్లో పెద్దవుతాయి, వంటింటికి మాత్రం వార్తగా వస్తాయి. ఈసారి ఆ వార్త మోసుకొచ్చే తీరిక కూడా ఎవరికీ దొరకలేదు.

బావగారు శివరామకృష్ణకి కొవ్వూరు బదిలీ అయిందని ఆమెకి తెలుసు. భోజనాలయ్యాక రామచంద్రపురం నుంచి సామాన్ల వ్యాను వస్తుందనీ తెలుసు. వారం రోజులుగా కారాలు దంపి, ఆవకాయ జాడీలకి వాసెన గుడ్డలు కట్టింది తనే. కట్టిన మూటల్లో తన కొడుకు కూడా ఒకడని మాత్రం తెలియలేదు.

వెంకటదుర్గ నెమ్మదిగానే చెప్పుకొచ్చింది. రాజమండ్రిలో మంచి కాన్వెంటు ఉందట. బస్సు వంతెన దాటి కొవ్వూరులో ఇంటి ముందుకే వస్తుందట. టై, బూట్లు, ఇంగ్లీషు. బావగారు వెళ్ళి సీటు కూడా మాట్లాడేశారట. ఇక్కడేముంది, ఒక్క మాస్టారు, ఆయనకి చేపల చెరువు మీద ఉన్న ధ్యాస పిల్లల మీద లేదు. ఇవన్నీ నిజాలే. నిజాలు కాబట్టే కొట్టిపారెయ్యడానికి వీల్లేదు.

"సెలవలకి తీసుకొస్తాంగా కళా," అంది వెంకటదుర్గ.

కన్నకొడుకుని కన్నతల్లికి సెలవలకి చూపిస్తుందట. సూర్యకళ సూట్‌కేసు పక్కన నిలబడే ఉంది. పిల్లాడు ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకు లాగాడు.

"పిన్నీ, నిక్కరు," అన్నాడు.

అవును, కన్నతల్లిని వాడు పిన్ని అంటాడు. అమ్మా అని పిలిచేది వెంకటదుర్గని.

దీని వెనక కథ ఊరందరికీ తెలిసిందే. పెద్దది లోవలక్ష్మి పుట్టాక సూర్యకళకి వరసగా ఇద్దరు మగపిల్లలు పుట్టి, పురిట్లోనే పోయారు. మళ్ళీ మగపిల్లాడే పుట్టేసరికి అత్తగారు మాణిక్యాంబ తనకి తెలిసిన వైద్యం చేసింది. బిడ్డని చేటలో పడుకోబెట్టి పెరట్లో పెంటపోగు మీద పెట్టించింది. మాకొద్దు, పారేశాం అని నలుగురికీ వినబడేటట్టు చెప్పింది. పారేసిన బిడ్డ మీద మృత్యువు కన్ను కూడా పడదని నమ్మకం. అప్పుడెవరో ఒకరొచ్చి చేటెడు తవుడిచ్చి ఆ బిడ్డని కొనుక్కుంటారు. సాయంత్రానికల్లా వాళ్ళ తవుడు వాళ్ళకిచ్చేసి మన బిడ్డని మనం తెచ్చుకుంటాం. మన వైపు ఊళ్ళల్లో ఇంతమంది తవిటయ్యలూ పెంటమ్మలూ తిరుగుతున్నారంటే అదంతా ఆ చేట మహిమే.

కాకపోతే తెలివైనవాళ్ళు బయటివాళ్ళకి అమ్ముతారు. పాలు పోసే మనిషికో, నలుగురు పిల్లలతో వేగలేక చస్తున్న పొరుగావిడకో. వాళ్ళకి మన బిడ్డతో పనిలేదు. సాయంత్రం దాకా ఉంచుకోమంటేనే విసుక్కుంటారు. మాణిక్యాంబకి అక్కడ పరువు అడ్డమొచ్చింది. ఇంట్లో పెద్దకోడలుండగా మన పిల్లాణ్ణి వీధిలోవాళ్ళ చేతుల్లో పెట్టడమేంటి అంది. పెద్దకోడలికి పెళ్ళై ఎన్నో ఏళ్ళయినా కడుపు పండలేదు. ఆకలిమీదున్న మనిషి చేతికి అన్నం గిన్నె ఇచ్చి, సాయంత్రం పట్టుకెళ్తాం, కాస్త పట్టుకో అన్నట్టయింది.

ఆ సాయంత్రం అమావాస్య ఘడియలొచ్చాయని తిరిగి కొనడం ఆగింది. మర్నాడు పిల్లాడు సుబ్బరంగా పాలు తాగుతుంటే, బాగున్నవాణ్ణి కదపడమెందుకన్నారు. ఏడాది నిండనివ్వండన్నారు. తీరా పుట్టినరోజు నాడు చేట తీసేసరికి వాడికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఆ చేట మళ్ళీ గోడకెక్కింది. వాడికి ముక్కు కుట్టించి రాగిపోగు పెట్టించారు. లోకనాథ్ అని బారసాలనాడు పెట్టిన పేరు ఎవరికీ గుర్తులేదు. తవుడు తవుడుగానే పెరిగాడు.

పాలిచ్చింది సూర్యకళ. అమ్మా అన్న పిలుపు వెళ్ళింది వెంకటదుర్గకి. ఒకసారి అక్క లోవలక్ష్మి పిలవడం చూసి వాడు కూడా సూర్యకళని అమ్మా అన్నాడు. ఇంట్లో అందరూ ఉలిక్కిపడ్డారు. అందరికంటే ముందు చెయ్యి చాపి వాడి నోరు మూసింది సూర్యకళే. ఆ సంగతి గుర్తొస్తే ఆమెకి ఇప్పటికీ అరచెయ్యి మండుతుంది.

నిక్కరు తొడిగి వాణ్ణి ఆడుకోమని పంపించి సూర్యకళ అత్తగారి దగ్గరికి వెళ్ళింది.

మాణిక్యాంబ వీధి గదిలో కూర్చుని ఒత్తులు చేసుకుంటోంది. కోడలు అడగకముందే తనే మొదలుపెట్టింది. పెద్దాడి మొహంలో ఇన్నేళ్ళకి ఒక కళ కనిపిస్తోందంది. పరాయి ఊళ్ళో ఆ పిల్ల ఒక్కతీ గోడలు చూస్తూ ఎలా కూర్చుంటుందంది. నీ దగ్గరున్నా దాని దగ్గరున్నా నా మనవడే కదా అంది.

"మీ మనవడేనండీ. నా కొడుకు కూడా కదా అత్తయ్యగారూ," అంది సూర్యకళ.

మాణిక్యాంబ చేతిలో ఒత్తి ఆగింది. "అమ్మేసినదాన్ని పట్టుకుని నాది నాది అనకూడదమ్మాయ్. పిల్లాడికి మంచిది కాదు."

ఇదిగో, ఈ మాట. పిల్లాడికి మంచిది కాదు. ఇన్నేళ్ళుగా సూర్యకళ నోటికి పడిన తాళం ఇదే. ఈ మాట అన్నాక ఆమె ఇంకేమీ అనదని అత్తగారికి తెలుసు. సూర్యకళ వంటింట్లోకి వెళ్ళి పులుసులో పోపు పెట్టింది. పోపు మాడింది. ఆ ఇంట్లో ఆ రోజు మాడింది అదొక్కటే అనుకున్నారు అందరూ.

శివరామకృష్ణ ముందే తినేసి వ్యాను కోసం రోడ్డు మీదికి వెళ్ళాడు. సూర్యకళ మొగుడు గణేష్‌బాబు వరి ఆకుమళ్ళకి నీళ్ళు పెట్టించి మోపెడ్ మీద ఆలస్యంగా వచ్చాడు. కాళ్ళ బురద కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. అతను చెడ్డవాడేమీ కాదు. అన్నయ్య మీద గౌరవం, అమ్మంటే భయం, పెళ్ళామంటే జాలి. మూడూ ఉన్న మనిషి ఎక్కడా నిలబడలేడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

"మీకు తెలుసు కదూ?" అంది సూర్యకళ అన్నం వడ్డిస్తూ.

గణేష్‌బాబు పప్పులో నెయ్యి వేసుకున్నాడు. తీరిగ్గా కలిపాడు. ఒక ముద్ద తిన్నాడు.

"మొన్నామధ్య అన్నయ్య అడిగాడు," అన్నాడు చివరికి. "చిన్నప్పటి నుంచీ ఆయన నన్ను ఏదీ అడగలేదు కళా. మొదటిసారి అడిగాడు. కాదని ఎలా అనను?"

"గేదెని అడిగినా నాతో ఒక మాట అనేవారు. పాలు పితికేది నేను కాబట్టి."

అతను నీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

"పోనీ నాకు చెప్పడానికేం?"

"చెప్తే నువ్వు ఏడుస్తావు. నువ్వేడిస్తే నేను కాదనాలి." గణేష్‌బాబు కంచంలోకి చూస్తూనే అన్నాడు. "వదిన మొహం చూశావా? పిల్లాడు వస్తాడన్నప్పటి నుంచీ ఆవిడ నవ్వడం చూశావా?"

చూసింది. చూడకేం. ఇద్దరు పిల్లలూ పోయినప్పుడు సూర్యకళ తల ఒళ్ళో పెట్టుకుని ముద్ద కలిపి నోట్లో పెట్టింది ఈ వెంకటదుర్గే. పెనుగొండ నుంచి పుట్టింటివాళ్ళు వచ్చే దాకా బాలింతకి పథ్యం వండింది ఈ వెంకటదుర్గే. ఆవిడ రాక్షసి అయితే ఎంత బాగుండేది. తిట్టి, కొట్లాడి, పిల్లాణ్ణి లాక్కోవచ్చు. మంచి మనిషితో పేచీ పడ్డవాళ్ళకి ఊళ్ళో సాక్ష్యం చెప్పేవాళ్ళు కూడా దొరకరు.

"నువ్వు కూడా అప్పుడప్పుడూ వెళ్ళొస్తూ ఉండు. రాజమండ్రి దాకా బస్సే కదా, అక్కణ్ణుంచి ఇంకో బస్సు," అన్నాడు గణేష్‌బాబు.

"చుట్టపుచూపుగా?"

"మజ్జిగ పొయ్యి."

పోసింది. ఆ ఇంట్లో ఏ గొడవ జరిగినా మజ్జిగ మాత్రం ఆగదు. గిన్నె కింద పెట్టి, అతను మజ్జిగన్నం ముద్ద ఎత్తబోతుంటే అంది.

"నేను తిరిగి కొనుక్కుంటాను."

"ఏంటి?"

"తవుడిచ్చి నా పిల్లాణ్ణి తెచ్చుకుంటాను. వ్యాను కదలక ముందే."

గణేష్‌బాబు ముద్ద కంచంలో వదిలేశాడు. "పుట్టినరోజు నాడు ఏమైందో మర్చిపోయావా?" అన్నాడు. ఆమె మర్చిపోలేదు. మర్చిపోగలిగితే ఈ పాటికి ఎప్పుడో కొనుక్కునేది. అతనికి జవాబు చెప్పకుండా గోడకి తగిలించిన చేట తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.

పశువుల పాకలో తవుడు బస్తా ఉంటుంది. అక్కడ నిలబడితే కొబ్బరితోట చివర కనిపిస్తుంది. పోయిన ఇద్దరినీ పాతిపెట్టింది ఆ చివరే. రోజూ గేదెలకి కుడితి కలిపేటప్పుడు అటు చూడకుండా వంగి పని చేసుకోవడం సూర్యకళకి అలవాటైపోయింది. ఈ రోజు చూసింది. నా కొడుకు నాకు కావాలని అడగబోతున్నాను, అడిగితే వీణ్ణి కూడా అక్కడికే పంపుకుంటానేమో అని ఒక్కటే భయం. చేటలో తవుడు పోస్తుంటే సగం కింద పడింది.

లోవలక్ష్మి వచ్చి పాక గుంజని ఆనుకుని నిలబడింది. దానికి అన్నీ అర్థమయ్యే వయసొచ్చింది.

"తమ్ముణ్ణి పంపించేస్తున్నారా అమ్మా?"

"లేదు."

"నన్ను కూడా ఎవరికైనా అమ్మారా, నేను పుట్టినప్పుడు?"

"లేదమ్మా. నిన్నెవరికీ అమ్మలేదు."

"ఎందుకని?"

సూర్యకళకి ఎందుకో తెలుసు. అది కూతురికి చెప్పేది కాదు. ఆడపిల్ల బతుకుతుందా అని ఆ ఇంట్లో ఎవరూ భయపడలేదు, అందుకని అమ్మాల్సిన అవసరం రాలేదు. కూతురి జుట్టు చెవి వెనక్కి సర్ది, చేట పట్టుకుని లోపలికి నడిచింది.

వ్యాను వచ్చేసింది. మంచాలు, బల్ల, బిందెలు ఎక్కించేశారు. శివరామకృష్ణ వీధిలో డ్రైవరుకి తాళ్ళు ఎలా కట్టాలో చెప్తున్నాడు. హాలు మధ్య చుట్టిన పరుపు మీద వెంకటదుర్గ కూర్చుని, తవుడుకి తల దువ్వుతోంది. మాణిక్యాంబ గుమ్మం దగ్గర కుర్చీలో ఉంది. గణేష్‌బాబు చెయ్యి కడుక్కుని భార్య వెనకే వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు.

"అక్కా, ఇదిగో తవుడు," అంది సూర్యకళ. "నా కొడుకుని నాకిచ్చెయ్."

దువ్వెన ఆగిపోయింది. వీధిలో శివరామకృష్ణ గొంతు ఒక్కటే వినిపిస్తోంది. మాణిక్యాంబ ఏదో అనబోయింది గానీ వెంకటదుర్గ చేత్తో వారించింది. ఆవిడకి కోపం రాలేదు. ఎప్పటి నుంచో ఎదురుచూస్తున్న మాట విన్నట్టే ఉంది ఆవిడ మొహం.

"జ్వరం నాడు వీణ్ణి నా ఒళ్ళో పడేసి ఏమన్నావో గుర్తుందా కళా?"

"గుర్తుంది."

"చెప్పు మరి. అత్తయ్యగారు కూడా వింటారు."

"నీ బిడ్డే అక్కా, నాకొద్దు, నువ్వే ఉంచుకో అన్నాను."

"అన్నాకే జ్వరం దిగింది."

"భయంతో అన్నాను."

"నువ్వు భయంతో అన్నావు. నేను భయంతో తీసుకోలేదు." వెంకటదుర్గ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. "ఇది సాయంత్రం దాకానే అని ఆ రోజు నాకెవరైనా గట్టిగా చెప్పుంటే, నేను వాడి వైపు చూసేదాన్నే కాదు. మీరెవరూ చెప్పలేదు. వాడు అమ్మా అంటుంటే అందరూ విన్నారు."

చెప్పాల్సిన మాణిక్యాంబ ఒత్తుల పళ్ళెం ఒళ్ళో సర్దుకుంది.

వెంకటదుర్గ లేచింది. కొంగు రెండు చేతులతో పట్టి ముందుకు చాపింది. "పొయ్యి," అంది. "నీ బిడ్డని నేను దాచుకున్నానన్న మాట నాకొద్దు. ఊరికే ఇచ్చేస్తున్నాను అనుకోకు, ప్రాణం తీసి ఇస్తున్నాను. కానీ ఆ తర్వాత వాడికి తలనొప్పి వచ్చినా నన్ను పిలవకు. నేను చూడలేను."

ఇంక అడ్డు ఎవరూ లేరు. చేట ఒంపితే చాలు. ఇన్నేళ్ళుగా సూర్యకళ కోరుకున్నది ఈ ఒక్క క్షణమే. అలాంటిది చేతులు కదల్లేదు. ఒంపితే వాడికేమవుతుందో. ఒంపకపోతే తనకి కొడుకు లేడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చేట అంచు వెదురుబద్దలు వేళ్ళకి గుచ్చుకుంటున్నాయి. కొంగు చాపి వెంకటదుర్గ అలాగే నిలబడింది. ఇద్దరి మధ్యా తవుడుగాడు తల పైకెత్తి ఒకసారి అమ్మనీ ఒకసారి పిన్నినీ చూస్తున్నాడు. వీధిలో వ్యాను హారను మోగింది.

"చూశారుగా అత్తయ్యగారూ," అంది వెంకటదుర్గ నెమ్మదిగా. "నేను అడ్డుపడలేదు."

ఆవిడ కొంగు దించబోయింది.

"పోనీలే కళా," అన్నాడు గణేష్‌బాబు గోడ దగ్గర నుంచి.

పోనీలే. పెళ్ళయిన దగ్గర్నుంచీ అతని నోట సూర్యకళ ఎక్కువ విన్న మాట ఇదే. పుట్టింటికి వెళ్తానన్నప్పుడు పోనీలే, ఇప్పుడొద్దు. పిల్లలు పోయినప్పుడు కూడా అదే మాట, జాలితోనే అన్నాడు. ఆమెలో ఏదో తెగింది. అత్తగారి మీద రాని కోపం, తోటికోడలి మీద తెచ్చుకోలేని కోపం, అంతా కలిసి ఆ మాట మీద వచ్చింది. చేట ఒంపేసింది.

తవుడు జలజలా కొంగులో పడింది. మెత్తని తవుడు, పొడి లేచి హాలంతా కమ్ముకుంది. మధ్యలో నిలబడ్డ పిల్లాడు ముక్కు నలిపాడు. ఆపుకోలేకపోయాడు. తుమ్మాడు.

ఒక్కసారే తుమ్మాడు.

హాల్లో ఉన్నవాళ్ళెవరూ కదల్లేదు. ఇంకొక్కటి తుమ్మితే శుభం. ఇంకొక్కటి చాలు. మాణిక్యాంబ కుర్చీలోంచి ముందుకు వంగి మనవడి ముక్కు వైపే చూస్తోంది. అందరూ తననే చూస్తుంటే ఏదో చెయ్యాలి కాబోలనుకుని తవుడుగాడు మొహం చిట్లించి, నోరు తెరిచి, శాయశక్తులా ప్రయత్నించాడు. రెండో తుమ్ము రాలేదు.

"ఒంటి తుమ్ము," అంది మాణిక్యాంబ. "ఆగిపోవాలి."

"ఏది ఆగాలండీ?" అంది సూర్యకళ.

"బేరం మీద తుమ్మాడు," అంది వెంకటదుర్గ. కొంగులో తవుడు అలాగే గుప్పిట బిగించి పట్టుకుంది.

"ప్రయాణం మీద తుమ్మాడు. వ్యాను గుమ్మంలో ఉంది," అంది సూర్యకళ. అంత గట్టిగా ఆ హాల్లో ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. అయినా తుమ్ము బేరం మీదేనని లోపల తెలుసు, ముందు తను చేట ఒంపింది, ఆ తర్వాతే వాడు తుమ్మాడు.

ఇద్దరు కోడళ్ళూ అత్తగారి వైపు తిరిగారు. శకునానికీ, తిథికీ, వర్జ్యానికీ ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో జవాబు ఆవిడ దగ్గరే ఉండేది. ఏదో ఒకటి అంటే ఒక కోడలు పిల్లాణ్ణి పోగొట్టుకుంటుంది. మాణిక్యాంబ పెదాలు తడుపుకుంది. కాసిని మంచినీళ్ళు ఇమ్మంది. ఎవరూ తెచ్చివ్వలేదు.

శివరామకృష్ణ చెప్పులు విప్పి గుమ్మంలోకి వచ్చాడు. "ఇంకా బయల్దేరలేదా? లోకనాథ్ ఏడీ?" అన్నాడు. కాన్వెంటులో రాయించాలని ఆయన నాలుగు రోజులుగా ఆ పేరు అలవాటు చేసుకుంటున్నాడు. హాల్లో నేలంతా పడిన తవుడు చూసి ఇంక అడగలేదు.

"నాకు నిద్రొస్తోంది," అన్నాడు తవుడుగాడు.

పట్టపగలు వాడు నిద్ర అడిగింది లేదు. బతిమాలినా పడుకునే రకం కాదు. ఆడవాళ్ళిద్దరూ ఒక్కసారే వంగారు. సూర్యకళ చేతిలో చేట జారి నేల మీద పడింది. వెంకటదుర్గ గుప్పిట వదిలేసింది, కొంగులో ఉన్న తవుడంతా కుప్పగా కాళ్ళ దగ్గర పడింది, ఆవిడ చూసుకోనే లేదు. ఒకరి చెయ్యి వాడి నుదుటి మీద, ఒకరి చెయ్యి మెడ కింద.

"వేడిగా ఉందా?" అని అడిగింది మాణిక్యాంబ.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చేతులు తియ్యలేదు, జవాబు చెప్పలేదు.